రద్దయిన యాత్ర – తిరిగివచ్చిన ధనము

2020వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున మా యింట కాశీయాత్రాప్రయత్నమొకటి జరిగెను. మా మేనత్తగారు రాజమహేంద్రవరమున నొంటరిగా నివసించుచు, కీర్తిశేషుడైన భర్త యుద్యోగమునకై వచ్చు కుటుంబపింఛనుతో కాలక్షేపము చేయుచున్నది. ఆమె కూడబెట్టిన 30,000 రూపాయలు తెచ్చి మా చేతికిచ్చి, "నాయనా, నాకు చూపున్నప్పుడే కాశీ చూడాలి. మీరంతా రావాలి, పిల్లలు కూడా" అనెను. దానికి మేము 12,000 చేర్చితిమి. ఐదుగురికి విమానపు టిక్కెట్లకు 35,000, కాశిలో వసతిగృహమునకు బయానాగా 7,000 వ్యయమయ్యెను. టిక్కెట్లతోపాటు వేయిరూపాయలకు లోపుగా యాత్రాబీమాయు మాచేతిచిల్లరతో కొంటిమి. సర్వమును మా బ్యాంకు ఖాతానుండియే, మా పేరనే జరిగెను. మార్చి 25వ తేదీనుండి దేశమెల్ల దిగ్బంధమగుటయు, ఏప్రిలులో బయలుదేరవలసిన యాత్ర నిలిచిపోవుటయు చదువరులకు వేరుగ చెప్పనక్కరలేదు. అట్టి కథ ప్రతియింటను గలదు.

కాని కథ యంతటితో ముగియలేదు. ముందుగా బీమావారు తమ పత్రము రద్దుచేసి ప్రీమియము వాపసు చేసిరి. పిమ్మట వసతిగృహమువారు సగము బయానా నిచ్చి, తక్కిన 3,500 ఈయజాలమనిరి. 2021 ఫిబ్రవరిలో విమానపు సొమ్ము పూర్తిగా వచ్చెను. ఇవియన్నియు మా ఖాతాలోనే పడెను. పడి, పిల్లల జీతములలోను, ఇంటి యద్దెలోను నెమ్మదిగా కరగసాగెను. అత్తగారడుగలేదు, మేము చెప్పలేదు. ఉగాదికి వచ్చినప్పుడామె మా భార్యతో, "విమానంవాళ్లు డబ్బు ఎగ్గొట్టారా ఏమిటే, పాపం మీక్కూడా నష్టమే" అని సానుభూతి చూపుట మేము ప్రక్కగదిలోనుండి వింటిమి. నాటి రాత్రి మాకు నిద్రపట్టలేదు. ఈ ధనమెవరిదను ప్రశ్నను పూర్వులెట్లు విచారించిరో చూడవలెనను కోరిక యప్పుడు పుట్టినది. ఈ వ్యాసమునకు మూలమదియే.

ప్రయాణము చెడినప్పుడు సొమ్మెవరు భరింపవలెననునది విమానములతో పుట్టిన సమస్య కాదు. యాజ్ఞవల్క్యుడు వ్యవహారాధ్యాయమున భారవాహకుల కూలినిగూర్చి చెప్పుచు, ప్రయాణసమయమున విఘ్నము కలిగించినవాడు కూలికి రెట్టింపు చెల్లింపవలెననెను. ఆపై నేటి టిక్కెట్ల వెనుక నచ్చువేయు రద్దుపట్టికను బోలిన క్రమ మొకటి చూపెను: ప్రయాణారంభమున విడిచినచో కూలిలో ఏడవపాలు, త్రోవలో విడిచినచో నాలుగవపాలు, సగము దారిలో విడిచినచో కూలి యంతయు నిచ్చుకొనవలెను. ఈ నియమము మోసెడివానికే కాదు; మోయువానిని మాన్పించిన యజమానికిని సమానమే. కూలివానికొక న్యాయము, షాహుకారునకొక న్యాయము నని యా స్మృతికర్త యనలేదు. నేటి కంపెనీల షరతుపత్రములు చదివినవారు ఈ సమత్వమును మెచ్చుకొనకుండలేరు. మఱియు సరకు నష్టమైనచో వాహకుడు భరింపవలెనని చెప్పుచునే, రాజువలనను దైవమువలనను కలిగిన నష్టమును మినహాయించెను. మహమ్మారి దైవికము; దిగ్బంధము రాజకీయము. మా యాత్ర రెండింటిచేతను చెడినది గనుక, ఎవరి తప్పును లేదు. తప్పులేనిచోటనే చిక్కెక్కువ.

అపాయమునకు వెల కట్టుటయు మనవారికి తెలియనిది కాదు. అప్పుతీసికొని అడవులు దాటు వర్తకులు నూటికి పదియు, సముద్రము దాటువారు నూటికిరువదియు వడ్డి యిచ్చుకొనవలెనని యా స్మృతియే చెప్పుచున్నది. ఇది నెలసరి వడ్డి. ఓడ మునిగినచో అసలు పోవునను భయమే యా వడ్డిలో సగము. పాశ్చాత్యదేశములలో ఓడను కుదువపెట్టి తెచ్చుకొను ఋణములనుండియే సముద్రపుబీమా పుట్టినదని చరిత్రకారులు చెప్పుదురు.

బీమా ప్రీమియమును వాపసు చేయవలసినదెప్పుడను సంగతి ఆంగ్లదేశమున 18వ శతాబ్దిలో తేలినది. 1761లో లండనునుండి హాలిఫాక్సునకు పోవలసిన యోడ యొకటి, పోర్ట్స్‌మౌత్ రేవునుండి యుద్ధనౌకల రక్షణతో పోవలెనను షరతుతో బీమా పొందెను. ఓడ చేరునప్పటికి రక్షకనౌకలు వెడలిపోయినవి. ప్రయాణములో రెండవభాగమునకు సంబంధించిన యపాయము బీమాదారు మోయనేలేదు గనుక, ఆ మేరకు ప్రీమియము తిరిగి యీయవలెనని న్యాయస్థానము నిర్ణయించెను. 1777లో మాన్స్‌ఫీల్డు ప్రభువు ఈ సూత్రమును మఱింత స్పష్టముగ చెప్పెను. ప్రీమియము అపాయమును మోయుటకిచ్చు వెల. అపాయ మారంభమే కానిచో ఆ వెల యుంచుకొన న్యాయములేదు. ఒక్కమా రారంభమైనచో, ఒక్కదినమే గడచినను, తిరిగి యడుగ వీలులేదు. మా బీమావారు ధర్మాత్ములై డబ్బు పంపిరని మేము మొదట భావించితిమి. వారు మాన్స్‌ఫీల్డు ప్రభువు చెప్పినదే చేసిరని యీ పరిశోధన వలన తెలిసికొంటిమి. విలువిచ్చినవానికి వెల తిరిగివచ్చును. ఆ చిల్లర మేమే యిచ్చితిమి గనుక, మాకు చేరిన మూడు మొత్తములలో సందేహము లేనిది అదియొక్కటే.

ప్రయాణికునకు బీమా యనునది రైలుబండితో వచ్చినది. మన యేనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్టణము విడిచి కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చిరి. బోయీలకును పరివారమునకును వ్యయమంతయు ఒక్క గృహస్థుని సంచినుండియే పోయినది. యాత్ర చెడియుండినచో మిగిలిన ధనమెవరిదని యడుగువారుండరు. వారింకను మార్గమధ్యమున నుండగనే, 1830 సెప్టెంబరు 15న లివర్‌పూలు–మాంచెస్టరు రైలుమార్గము తెరచిననాడు, పార్లమెంటు సభ్యుడైన హస్కిస్సన్ యంత్రముక్రింద పడి మరణించెను. పల్లకీలో పడినవాడు మహాయైన మోకాలు చెక్కుకొనును. రైలు క్రిందపడినవాని సంసారమే కూలును.

1849లో లండనులో రైలుప్రయాణికుల బీమా కంపెనీ యేర్పడెను. టిక్కెట్టు కొనుచోటనే బీమాటిక్కెట్టును కొనవచ్చును. మొదటితరగతివాడు మూడు పెన్నీలిచ్చినచో వేయి పౌనులు, రెండవతరగతివాడు రెండు పెన్నీలకు ఐదువందలు, మూడవతరగతివాడు ఒక్క పెన్నీకి రెండువందలు. ప్రాణములకు సైతము తరగతులు పెట్టిన లెక్క యిది. మన దేశమున రైల్వే టిక్కెట్ల సంస్థవారు 2016 సెప్టెంబరునుండి 92 పైసలకు బీమా యొసగినప్పుడు, మరణమునకు పదిలక్షలని అన్ని తరగతులకును ఒక్కటే మొత్తము పెట్టిరి. ఇది మెచ్చదగిన మార్పు. కాని యాత్ర మానుకొన్నవానికి ఆ 92 పైసల పత్రము పనికిరాదు, అది ప్రమాదమునకే.

1874లో ఆంగ్లన్యాయస్థానమున నొక చక్కని వివాదము నడచెను. గ్రేట్ వెస్టర్న్ రైల్వే నిర్లక్ష్యముచే గాయపడిన ప్రయాణికునకు బీమాకంపెనీ 31 పౌనులిచ్చియుండెను. ఆ మొత్తమును తామీయవలసిన పరిహారమునుండి తగ్గింపవలెనని రైల్వేవారు కోరిరి. న్యాయమూర్తులంగీకరింపలేదు. ఆ 31 పౌనులు ప్రమాదము చేసినవారి దయవలన రాలేదు, అతడు ముందుచూపుతో ప్రీమియము కట్టుటవలన వచ్చినవి. కట్టినవాని జాగ్రత్త కట్టనివానికి లాభము కారాదని వారి యాశయము. ఇది శరీరమునకైన గాయమునుగూర్చిన మాట. ఆస్తినష్టములో న్యాయము వేరు. 1883లో తీర్పైన యొక యింటి వ్యవహారమున, ఇల్లు కాలినందుకు బీమాసొమ్మును, ఇల్లమ్మినందుకు పూర్తి వెలయు రెండును పొందినవాడు బీమాసొమ్మును తిరిగి యీయవలసివచ్చెను. నష్టమును పూడ్చుటకే బీమా, లాభము చేయుటకు కాదు. కాబట్టి విమానసంస్థ టిక్కెట్టు సొమ్మును తిరిగి యిచ్చినతరువాత, అదే సొమ్మునకు బీమావారినిగూడ నడుగుట తగదు.

రద్దయిన వేడుక విషయమున ఆంగ్లచరిత్రలో ముఖ్యమైన సంవత్సరము 1902. ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకము జూన్ 26న జరుగవలసియుండెను. ఊరేగింపు సాగు వీథులలోని గదులను జనులు కుటుంబములతో వచ్చి చూచుటకై గొప్పధరలకు మాటాడుకొనిరి. రెండుదినములు ముందుగా రాజునకు శస్త్రచికిత్స యగత్యమై ఉత్సవము వాయిదాపడి, ఆగస్టు 9న జరిగెను. వెంటనే వ్యాజ్యములు బయలుదేరినవి. పాల్‌మాల్ వీథిలో రెండుదినములకు 75 పౌనులకు గదులు మాటాడుకొని, 25 బయానా యిచ్చినవాడు మిగిలిన 50 ఈయనక్కరలేదని తీర్పయ్యెను. ఇంకొకడు 141 పౌనుల 15 షిల్లింగులకు గది కుదుర్చుకొని నూరు చెల్లించియుండెను. అతనికి నూరు తిరిగి రాకపోవుటయేకాక, మిగిలిన 41 పౌనుల 15 షిల్లింగులును చెల్లింపవలసివచ్చెను. ఏలయన నా మొత్తము వాయిదాకు ముందే చెల్లింపవలసినదట! నష్టము పడినచోటనే పడియుండవలెననునది నాటి న్యాయము. ఋణము సకాలమున తీర్చినవాడు నష్టపడుటయు, జాప్యము చేసినవాడు లాభపడుటయు ఏపాటి ధర్మమో మాకు తెలియదు. ఈ లోపమును సవరించుటకు వారికి 1942లో ప్రభుసభ తీర్పును, 1943లో శాసనమును గావలసివచ్చెను.

మన దేశమున 1872నాటి ఒడంబడికల చట్టమే యీ పని చేసియుండుట గమనింపదగినది. నెరవేర్చుట యసాధ్యమైన యొడంబడిక చెల్లదని 56వ విభాగమును, చెల్లనిదానిక్రింద లాభము పొందినవాడు దానిని తిరిగి యీయవలెనని 65వ విభాగమును చెప్పుచున్నవి. ఉదాహరణముగ, పాటకచ్చేరికి వేయిరూపాయలు ముందుగా పుచ్చుకొని జబ్బుచేసి పాడలేకపోయిన గాయకుడు రావలసిన లాభములకు నష్టపరిహార మీయనక్కరలేదుగాని, ఆ వేయి తిరిగి యీయవలెనని చట్టములోనే వ్రాసియున్నది. ఆంగ్లేయులు మనకై వ్రాసిన న్యాయము వారికి డెబ్బదియొక్క యేండ్లకుగాని దొరకలేదు! మా 3,500 ఉంచుకొనిన వసతిగృహయజమానికి ఈ విభాగమును చూపి యుత్తరము వ్రాసితిమి. బదులు రాలేదు. అంత మొత్తమునకై వ్యాజ్యము వేయువాడు న్యాయవాదిని పోషింపవలెను గనుక మానుకొంటిమి.

ఇంతవరకు చెప్పినది కంపెనీకిని గృహమునకును నడుమనున్న మాట. గృహములోపలి మాట యింకను కష్టము. టిక్కెట్టు పేరొకరిది, ఖాతా యొకరిది, కష్టార్జిత మింకొకరిది. 1861లో ఆంగ్లన్యాయస్థానము, ఇద్దరు తండ్రులు తమ బిడ్డల వివాహసందర్భమున అల్లునకు ధనమిత్తుమని యొండొరులతో వ్రాసికొన్న పత్రముపై అల్లుడు దావా వేయజాలడనెను. అతడాయొడంబడికలో చేరినవాడు కాడట. ఇట్టి న్యాయము మనయిండ్లలో నిలువదు. 1910లో ప్రీవీకౌన్సిలు మన దేశపు వ్యాజ్యమునందు, మామగారు వివాహసమయమున పెండ్లికుమార్తె తండ్రితో ఆమె పాన్‌దానుఖర్చునకు నెలకు 500 రూపాయలిత్తునని యొప్పుకొన్నందున, ఆ పత్రములో చేరని యామెయే స్వయముగ దావా వేయవచ్చునని తీర్పు చెప్పెను. పిల్లలకై పెద్దలు మాటాడుకొను దేశములో ఆంగ్లసూత్రమును గ్రుడ్డిగా పట్టుకొనుట అన్యాయమని వారికి తోచినది. ఆంగ్లదేశమునకు ఈ యెఱుక యాత్రవలననే కలిగెను! 1975లో నొక గృహస్థుడు భార్యాపిల్లలతో సింహళమునకు చేసిన విహారయాత్ర వసతులు చెడి దుఃఖకరము కాగా, డెన్నింగు ప్రభువు అతని కష్టమునకేకాక భార్యాపిల్లల కష్టమునకును అతడు పరిహారము పొందవచ్చుననెను. ఐదేండ్లకు ప్రభుసభవా రా హేతువును తప్పుపట్టిరిగాని ఫలితమును కాదనలేదు. 1999నాటి శాసనము మూడవవానికిని హక్కు కల్పించెను. అయినను డెన్నింగుగారి తీర్పులో మాకొక వెలితి కన్పట్టుచున్నది: ధనము తండ్రికి ముట్టినది, భార్యకు చేరినదో లేదో యెవరును చూడలేదు.

ఈ వెలితిని పూరించుటకు మన ప్రాంతపు న్యాయస్థానము పాటుపడినదని చెప్పుటకు సంతసించుచున్నాము. భర్త తన ప్రాణముపై భార్యాబిడ్డల కొఱకు తీసికొనిన బీమాధనము వారి సొత్తేగాని అతని యప్పులవారిది కాదని 1874నాటి వివాహిత స్త్రీల ఆస్తిచట్టము చెప్పెను. అది హిందువులకు వర్తించునా యను సంశయమున్నప్పుడు, మద్రాసు హైకోర్టు పూర్ణధర్మాసనము వర్తించునని తేల్చెను. 1923లో చట్టము సవరింపబడినప్పుడు ఇతర రాష్ట్రములవారికా సంవత్సరము ఏప్రిలునుండియు, మద్రాసువారికి మాత్రము 1913 తుదినుండియు లాభము చేకూరినది. ఆ పదియేండ్లలో వితంతువులైన యెందరో మన యాడువారికి ఆ యొక్క తీర్పువలన అన్నము దొరికియుండును.

చేయి వేరు, హక్కు వేరు. జీవితబీమాలో నామినీగా పేరు వ్రాయబడినవాడు ధనము పుచ్చుకొను చేయి మాత్రమేయని, సొత్తు వారసులదని సుప్రీముకోర్టు 1983లో తీర్మానించెను. తలిదండ్రులు, భార్య లేక భర్త, బిడ్డలు నామినీలైనచో ధనము వారిదేయగునని 2015 సవరణ మార్చినది. ఇది జీవితబీమాకు సంబంధించినదేయైనను ఆలోచన యన్నింటికిని పనికివచ్చును. 2020 అక్టోబరు 1న సుప్రీముకోర్టు దిగ్బంధకాలపు విమానటిక్కెట్లనుగూర్చి యిచ్చిన తీర్పులోను ఇదే జాడ. ఏజెంటుద్వారా కొన్న టిక్కెట్టు సొమ్ము ఏజెంటుద్వారానే వచ్చునుగాని, చేరగానే యతడు ప్రయాణికునకప్పగింపవలెనని వారాదేశించిరి. ఏజెంటు చేతిని చూచి న్యాయమూర్తులు జాగ్రత్తపడిరి. ఇంటిపెద్ద చేతినిగూర్చి యెవరు జాగ్రత్తపడుదురు? అప్పుడా యేజెంటు స్థానమున మమ్మే చూచుకొంటిమి.

మా మనస్సు ఒక తప్పించుకొను త్రోవను వెదకినదని దాచనేల? అత్తగారు మాకందరకు యాత్ర చేయింతునని యిచ్చినది గదా, అది దానము గదా, దత్తధనము తిరిగి యడుగరాదు గదా యని. దీనికి మనుస్మృతి ఎనిమిదవ యధ్యాయములోనే యుత్తరమున్నది. ధర్మకార్యమునకై యాచించినవానికిచ్చిన ధనము ఆ కార్యమునకు వినియోగపడనిచో, అది వానికి చెందదు. మేము యాచింపనైనను లేదు. స్త్రీధనమునుగూర్చి యాజ్ఞవల్క్యుడింకను ఖండితముగ చెప్పెను: దుర్భిక్షమున, ధర్మకార్యమున, వ్యాధియందు, నిర్బంధమునందు మాత్రమే భర్త దానిని వాడుకొని తిరిగి యీయకుండవచ్చును. భర్తకే యిన్ని హద్దులుండగా మేనల్లునకు పిల్లల బడిజీతముల సాకెక్కడిది?

లెక్క చూచితిమి. కలసి వ్యాపారము చేయువారు లాభనష్టములను తమతమ పెట్టుబడి ననుసరించి పంచుకొనవలెనని స్మృతి. అత్తగారివి 30,000, మావి 12,000. అనగా ఐదుపాళ్లు, రెండుపాళ్లు. వచ్చినది 38,500. నష్టమైన 3,500లో ఆమెవంతు 2,500, మావంతు 1,000. ఆమెకీయవలసినది 27,500. ఈ లెక్క తప్పుకాకపోయినను, నెలల తరబడి దాచినవారము గనుక వసతిగృహపు నష్టమంతయు మేమే భరించుట న్యాయమని మా భార్య వాదించినది. ఆమె వాదము మాకు సమంజసముగనే తోచెను. ముప్పదివేలును తీసికొని రాజమహేంద్రవరము వెళ్లి, జరిగినది జరిగినట్లు చెప్పితిమి.

అత్తగారు నోట్లను రెండుమారులు లెక్కపెట్టెను. "మొత్తం ఎందుకిచ్చావురా? హోటలువాడు కొట్టేసింది నువ్వెందుకు కట్టాలి?" అని 2,500 వేరుచేసి మా ముందుంచెను. మేము తీసికొనలేదు, ఆమె తిరిగి పుచ్చుకొనలేదు. ఆ సొమ్ము మూడుదినము లామె దేవుని పటముల ముందు పడియుండి, తుదకు మా పెద్దమ్మాయి పుస్తకములకు పోయినది. ఆ మఱునాడే యామె తపాలాకచేరి ప్రక్కనున్న బ్యాంకునకు మా కుమార్తెను వెంటబెట్టుకొనిపోయి, పింఛనుఖాతాకు తన సెల్‌ఫోను సంఖ్యను చేర్పించుకొనెను.

2022లో నామె కాశికి రైలులో వెళ్లినది. ఆమెతో ఇద్దరు పొరుగింటి యాడువారు వెళ్లిరి, మమ్ము పిలువలేదు. టిక్కెట్లను తన ఖాతానుండియే కొనెను. బండి యెక్కించుటకు స్టేషనునకు వెళ్లినప్పుడు, బీమా తీసికొంటివా యని యడిగితిమి.

"రూపాయి కూడా లేదు గదా, తీసుకున్నాను. నామినీ అని అడిగితే మీ ఆవిడ పేరు వేయించాను నాయనా. ఏమీ అనుకోకు" అని యామె కిటికీలోనుండి చెప్పినది.